ఫైబర్ పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగిపోయింది, ఇళ్ళకు ఎలా తెచ్చుకోవాలి?

నల్లమల అంచు ఊరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నల్లమల అంచున 240 గడపల ఊరు. మండల కేంద్రం 11 కిలోమీటర్లు. ఊళ్ళో ఒక్క కంపెనీ సిగ్నలే వస్తుంది, అదీ మేడ ఎక్కితేనే. మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి 8 గంటలకు ఆన్‌లైన్ క్లాసు ఉంటే నీళ్ళ ట్యాంకు పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంటోంది. వాన పడితే ఆ రోజు క్లాసు లేనట్టే. నాన్నకు పక్షవాతం రావడంతో నేను హైదరాబాదు నుంచి ఊరికి వచ్చేశాను. ఇంటి నుంచి పని చేయడానికి మా ఆఫీసు ఒప్పుకుంది కానీ మూడు నెలల్లో నెట్ సంగతి తేల్చుకోమన్నారు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ కేబుల్ ఎప్పుడో వచ్చింది. గోడకు ఒక పెట్టె బిగించి ఉంది. దాంట్లోంచి మా ఇళ్ళకు వైర్లు లాగించుకోవచ్చా? ఎవరిని అడగాలి? మండలంలో ఒక ప్రైవేటు ఆపరేటర్‌ను కలిశాను. ఇంటికి 6,000 ఇస్తే లైను లాగుతాను, కానీ బజారు వీధి వరకే, ఎస్సీ కాలనీ దాకా రాలేను అన్నాడు. అది న్యాయమైన రేటేనా? మేడ మీద డిష్ పెట్టి గాలిలో ఇచ్చే నెట్ మా దగ్గర పనిచేస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫైబర్ జాయింటర్:

తమ్ముడూ, నేను ఫైబర్ స్ప్లైసింగ్, అంటే ఫైబర్ పోగుల కొనలు అతికే పని చేస్తాను. ప్రకాశం, నంద్యాల వైపు చాలా ఊళ్ళు తిరిగాను. నువ్వు అడిగిన మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు, అందుకే అది ముందు చెప్తాను.

పంచాయతీ ఆఫీసులో ఉన్న పెట్టె ట్యాంకు కాదు, కుళాయి. ఆ పెట్టె పెట్టించిన పథకానికి 2011లో కేంద్రం ఒప్పుకున్నప్పుడు లక్ష్యం దేశంలోని సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు 100 ఎంబీపీఎస్ తీసుకెళ్ళడం. 2015లో దానికే భారత్‌నెట్ అని పేరు మార్చారు. మొదటి దశలో మండలంలోని ఎక్స్‌ఛేంజిలో ఓఎల్‌టీ అనే, పోగుల్లోకి వెలుగు పంపే పెద్ద యంత్రం పెట్టి, పంచాయతీలో ఓఎన్‌టీ పెట్టారు. ఓఎన్‌టీ అంటే పట్నంలో మీ ఇంట్లో ఉండే ఫైబర్ మోడెం లాంటిదే. లైను అక్కడితో ఆఖరు. దాని వెనక నుంచి ఇంకో యాభై ఇళ్ళకు ఫైబర్ పంచడం కుదరదు. పంచాలంటే రెండే దారులు. ఊళ్ళోనే ఎవరైనా సొంతంగా ఓఎల్‌టీ పెట్టాలి. లేదా మండలం నుంచి వచ్చే కేబుల్‌లో ఖాళీగా ఉన్న పోగు ఒకటి తీసుకుని ఊళ్ళో స్ప్లిటర్ (ఒక పోగులో వచ్చే వెలుగును చాలా దారులుగా పంచే పెట్టె) పెట్టాలి. కేబుల్‌లో చాలా పోగులు ఉంటాయి, పంచాయతీ పెట్టెకు కావలసింది ఒకటే.

"11 కిలోమీటర్లు కదా, అంత దూరం నుంచి సిగ్నల్ ఏం వస్తుంది" అని నీకు ఎవరైనా చెప్తే నమ్మకు. పాత టెలిఫోను రాగి తీగకు దూరం జబ్బు. ఎక్స్‌ఛేంజి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే నెట్ నీరసించిపోయేది. ఫైబర్ అలా కాదు, జీపాన్ అనే, ఒకే పోగును చాలా ఇళ్ళకు పంచే పద్ధతిలో 20 కిలోమీటర్ల దాకా పోతుంది. లెక్క చేసి చూపిస్తాను. యంత్రం దగ్గర వెలుగు ప్లస్ 3 డీబీఎంతో (వెలుగు బలానికి కొలత ఇది, మైనస్ వైపు పోయేకొద్దీ వెలుగు తగ్గినట్టు) బయల్దేరిందనుకో. 11 కిలోమీటర్లలో మహా అయితే 4 పోతుంది. ఊరి మొదట్లో ఎనిమిది దారుల స్ప్లిటర్ పెడితే పదిన్నర, వీధి చివర నాలుగు దారుల స్ప్లిటర్ పెడితే ఇంకో 7 పోతుంది. జాయింట్లు, కనెక్టర్లకు 2 వదిలేయ్. ఇంటి దగ్గర మైనస్ 20, 21 మధ్య వస్తుంది. మోడెం మైనస్ 27 దాకా అందుకుంటుంది. అంటే ఒక్క పోగు మీద 32 ఇళ్ళు హాయిగా నడుస్తాయి. ఆ పోగు మీద రెండున్నర జీబీపీఎస్ దిగుతుంది, 32 ఇళ్ళు పంచుకున్నా పిల్లల క్లాసులకు ఏ లోటూ రాదు.

స్ప్లిటరే వెలుగును ఎక్కువ తింటుంది, దూరం కాదు. అందుకే ఈ లెక్క ఎప్పుడూ చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలి. ఆపరేటర్లు బజారు వీధి నుంచి మొదలుపెడతారు, అక్కడ స్ప్లిటర్లు గుప్పిస్తారు, కాలనీ దాకా వచ్చేసరికి వెలుగు మిగలదు. అప్పుడు "అక్కడికి సిగ్నల్ రాదండీ" అంటారు. సిగ్నల్ రాకపోవడం కాదు, ముందే ఖర్చు పెట్టేశారు. మీ ఆపరేటర్ కాలనీకి రాననడం ఎందుకో నాకు తెలియదు కానీ, నువ్వు మాత్రం కాలనీలో చివరి ఇల్లు ఏదో చూసి, అక్కడి నుంచి వెనక్కి గీత గీసుకుంటూ రా.

ఇక నువ్వు చేయాల్సిన పని. రేపు పంచాయతీ కార్యదర్శి గారిని అడిగి ఆ పెట్టె దగ్గరికెళ్ళి చూడు. కరెంటు ఉందా? పాన్ అనే లైటు (మండలంలోని యంత్రంతో లింకు ఉందని చెప్పేది) ఆకుపచ్చగా నిలకడగా ఉందా, ఆగి ఆగి వెలుగుతోందా? ఎల్ఓఎస్ అనే లైటు (వెలుగు అందకపోతే వెలిగేది) ఎర్రగా కొట్టుకుంటోందా? కేబుల్ భూమిలోంచి వచ్చిందా, స్తంభాల మీద వచ్చిందా? ఫోటో తీయి, కానీ పెట్టె మీద అంటించిన నంబర్లు ఇక్కడ పెట్టకు. ఎన్ని ఇళ్ళవాళ్ళు కనెక్షన్ తీసుకుంటారో ఒక కాగితం మీద రాయించు.

కోనసీమ కేబుల్:

జాయింటర్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను కేబుల్ ఆపరేటర్‌ని, డబ్బు సంగతి నేను చెప్తాను. మా దగ్గర స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ వైరు మీటరు ఏడెనిమిది రూపాయలు పడుతుంది. మోడెం రకాన్ని బట్టి 1,200 నుంచి 2,500. మనిషి కూలి వేరే. బజారు వీధిలో స్తంభం పక్కనే ఉన్న ఇంటికి 6,000 అంటే ఎక్కువే. కానీ మండలం నుంచి మీ ఊరి దాకా మెయిన్ కేబుల్ కూడా అతనే లాగుతున్నాడంటే ఆ 6,000 చాలదు, పాపం. కాబట్టి రేటు అడిగే ముందు మెయిన్ లైను ఎవరిది అని అడగండి. మోడెం మీ సొంతమా, కనెక్షన్ మానేస్తే వెనక్కి ఇవ్వాలా అన్నది కూడా కాగితం మీద రాయించుకోండి.

ఆంధ్రలో ఉన్నారు కాబట్టి ఏపీ ఫైబర్‌నెట్ కూడా కనుక్కోండి. ఈ రాష్ట్ర ప్రభుత్వ పథకం 2017 డిసెంబరులో మొదలైంది. కరెంటు స్తంభాల మీద తీగ లాగి, మాలాంటి స్థానిక ఆపరేటర్ల చేత ఇళ్ళకు ఇప్పిస్తారు. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా స్థానిక భాగస్వాములతో ఇదే పద్ధతిలో ఫైబర్ కనెక్షన్లు ఇస్తుంది, భారత్‌నెట్ ఉద్యమి అనే పేరుతో ఊళ్ళో కుర్రాళ్ళే ఆ పని తీసుకోవచ్చు. ఊళ్ళో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న పిల్లలుంటే చెప్పండి. లైను తెగితే మండలం నుంచి మనిషి వచ్చేదాకా రెండ్రోజులు పడుతుంది. ఊళ్ళో మనిషే ఉంటే గంటలో అయిపోతుంది. నా అనుభవంలో ఊరి నెట్ నిలబడేది, పడిపోయేది దీని మీదే.

ఆసిఫాబాద్ టీచర్:

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. నేను ఆసిఫాబాద్ ఏజెన్సీలో గూడెం బడిలో పనిచేస్తాను. మాకు ఫైబర్ కాదు కదా, బస్సే వానాకాలం రాదు. నాలుగు కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద టవర్ కనిపిస్తుంది. బడి మీద డిష్ పెట్టి ఆ టవర్ నుంచి నెట్ తెచ్చుకోవచ్చని ఒకాయన చెప్పారు. ఏప్రిల్‌లో వచ్చి చూసి "లైను క్లియర్‌గా ఉంది, పెట్టేద్దాం" అన్నారు. పిల్లల కోసం మా టీచర్లమంతా చందాలు వేసుకుంటున్నాం. డబ్బు కట్టేయమంటారా?

ఫైబర్ జాయింటర్:

టీచరమ్మా, ఒక్క నెల ఆగండి. బడికీ గుట్టకీ మధ్య ఏం చెట్లున్నాయి? మీ వైపు టేకే ఎక్కువ ఉంటుంది కదా. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది. ఏప్రిల్‌లో కొమ్మల మధ్య నుంచి టవర్ స్పష్టంగా కనిపిస్తుంది. జూలైకి చేటంత ఆకులు వేస్తుంది, వాటి మీద వాన నీళ్ళు నిలుస్తాయి. ఈ రేడియో లింకులు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, తడి ఆకులు ఆ సిగ్నల్‌ను మింగేస్తాయి. వేసవిలో 40 ఎంబీపీఎస్ వచ్చిన బడికి శ్రావణంలో ఏమీ రాకుండా పోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంకో మాట. టవర్ కంటికి కనబడితే చాలదు. రెండు డిష్‌ల మధ్య సిగ్నల్ దారప్పోగులా పోదు, మధ్యలో లావుగా పొట్లకాయలా ఉబ్బుతుంది. నాలుగు కిలోమీటర్లకు సగం దూరంలో చూపు గీతకు అటూ ఇటూ ఏడెనిమిది మీటర్లు ఖాళీ ఉండాలి. అందుకని డిష్‌ను బడి పైకప్పు మీద కాకుండా, చెట్ల తలలకు పైన వచ్చేలా ఇనుప స్తంభం వేసి పెట్టమనండి. స్తంభానికి ఎర్తింగ్ తప్పనిసరి, గుట్టల్లో పిడుగుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వానలు పడ్డాక ఒకసారి తెచ్చి పరీక్షించి, అప్పుడు డబ్బు తీసుకోమనండి. నిజంగా పని తెలిసినవాడైతే ఒప్పుకుంటాడు.

మీ తెలంగాణలో టీ-ఫైబర్ కేబుల్‌ను మిషన్ భగీరథ నీళ్ళ పైపుల వెంటే వేశారు. మీ గూడేనికి భగీరథ నీళ్ళు ఏ దారిన వస్తున్నాయో కనుక్కోండి. పైపు వచ్చిన ప్రతిచోటా ఫైబర్ ఉందని కాదు, కానీ అడగడానికి అది మంచి ఆధారం. మండలంలో "మా పైపు వెంట డక్టు (కేబుల్ వేసే గొట్టం) ఉందా" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది.

ఆసిఫాబాద్ టీచర్:

అన్నీ టేకు చెట్లేనండీ. నాకు ఈ ఆలోచనే తట్టలేదు. చందా డబ్బు నా దగ్గరే ఉంచుతాను. చాలా థాంక్స్ అన్నా.

నల్లమల అంచు ఊరు:

పెట్టె చూసి వచ్చాను. కరెంటు ప్లగ్ తీసేసి ఉంది, ఆ ప్లగ్‌లో ఫోను ఛార్జర్ ఉంది. మళ్ళీ పెట్టి చూస్తే ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది. కేబుల్ భూమిలోంచే వచ్చింది. కార్యదర్శి గారు మంచివారు, దగ్గరుండి చూపించారు. రోడ్డు వెడల్పు చేసినప్పటి నుంచీ ఇంతే అన్నారు. ఇక ఇళ్ళ లెక్క: బజారు వీధిలో 14, రామాలయం వీధిలో 6, కాలనీలో 11. మొత్తం 31 ఇళ్ళు. ఇంతమంది అడుగుతారని నేను అనుకోలేదు. కాలనీలో ఒకమ్మాయి నర్సింగ్ చదువుతోంది, ఒకాయన మిషన్ మీద బట్టలు కుట్టి ఫోనులోనే ఆర్డర్లు తీసుకుంటాడు. ఆయన అందరికంటే ముందు సంతకం పెట్టాడు.

ఫైబర్ జాయింటర్:

31 ఇళ్ళు! 32కి ఒక్కటి తక్కువ. ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

రోడ్డు పనిలో జేసీబీ కోసేసి ఉంటుంది. ఎక్కడ తెగిందో వెతకడానికి తవ్వక్కర్లేదు, ఓటీడీఆర్ అనే మిషన్ పెడితే ఇన్ని మీటర్ల దగ్గర తెగింది అని చెప్పేస్తుంది. మొదటి దశలో చాలాచోట్ల లైను ఒకదాని వెనక ఒకటిగా గొలుసులా వెళ్ళింది, మధ్యలో ఒకచోట తెగితే ఆ తర్వాతి పంచాయతీలన్నీ చీకటే. 2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లతో ఒప్పుకున్నప్పుడు లైన్లను చుట్టు తిరిగి వచ్చే రింగుగా మార్చాలన్నది అందుకే. ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి వస్తుంది. మీకు పనికొచ్చేది ఇంకోటి అందులోనే ఉంది: ఐదేళ్ళలో కోటిన్నర గ్రామీణ ఇళ్ళకు ఫైబర్ కనెక్షన్లు ఇవ్వడం, పంచాయతీ కేంద్రం కాని ఊళ్ళకు కూడా అడిగితే లైను ఇవ్వడం. "అడిగితే" అన్నమాట గుర్తుపెట్టుకో. మీ 31 సంతకాలు ఆ అడగడమే.

కాబట్టి రెండు కాగితాలు రాయండి. ఒకటి తెగిన లైను బాగు చేయమని, పంచాయతీ తరఫున, కార్యదర్శి గారి సంతకంతో. రెండోది 31 ఇళ్ళకు కనెక్షన్లు కావాలని, వీధుల వారీగా. గ్రామసభలో తీర్మానం చేయించి జత చేస్తే ఇంకా బలం. రెండిటికీ అందినట్టు ముద్ర వేయించుకోండి.

రోడ్డు పని ఇంకా మిగిలి ఉంటే కాంట్రాక్టర్‌కు చెప్పండి: తవ్వే ముందు కబురు చేయడానికి "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే ప్రభుత్వ యాప్ 2023 మార్చి నుంచి ఉంది. ఎక్కడ తవ్వుతున్నామో అందులో పెడితే కింద ఎవరి కేబుల్ ఉందో వాళ్ళకు కబురు పోతుంది. లేకపోతే మొన్న బాగుచేసింది రేపు మళ్ళీ తెగుతుంది.

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు:

మాకు కనెక్షన్ ఉంది కానీ వారంలో మూడు రోజులు ఉండదు. ఫోన్ చేస్తే "చూస్తాం మేడమ్" అంటారు, అంతే. దీనికి ఏం చేయాలి?

కోనసీమ కేబుల్:

మేడమ్ గారూ, ఫోన్ చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు అడగండి. అది లేకపోతే మీరు ఫిర్యాదు చేయనట్టే లెక్క. చెప్పిన గడువులో బాగవ్వకపోతే అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, డాకెట్ నంబరు వేసి 30 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. నేను ఆపరేటర్‌ని అయ్యుండీ చెప్తున్నాను, డాకెట్ నంబరు పట్టుకుని వచ్చిన కస్టమర్ పని ముందు అవుతుంది.

నల్లమల అంచు ఊరు (ఏడు వారాల తర్వాత):

ముందు మంచి మాట. తెగిన చోటు దొరికింది, ఊరికి రెండు కిలోమీటర్ల ముందు కల్వర్టు దగ్గర. జాయింటు వేశారు. ఇళ్ళకు ఇవ్వడానికి పక్క మండలం నుంచి ఇంకో ఆపరేటర్ ముందుకొచ్చాడు, ఇంటికి 3,500, మోడెం మాదే. అన్నా, మీరు చెప్పినట్టే కాలనీ నుంచి మొదలుపెట్టమన్నాను. మొదట ఒప్పుకోలేదు, మీ లెక్క కాగితం మీద చూపిస్తే ఒప్పుకున్నాడు. ఇప్పటికి 27 ఇళ్ళు అయ్యాయి. మా ఇంట్లో మైనస్ 21, కుట్టుపని చేసే ఆయన ఇంట్లో మైనస్ 22.

అక్క కూతురు నిన్న ఇంట్లో మంచం మీద కూర్చుని క్లాసు వింది. నాన్న పక్కనే పడుకుని తనూ విన్నాడు.

రెండు చిక్కులు. కరెంటు పోతే నెట్ పోతుంది, మా దగ్గర రోజుకు మూడుసార్లు పోతుంది. రెండోది, ఒక ఇంట్లో మాత్రం రీడింగ్ మైనస్ 29 చూపిస్తోంది, పక్కింట్లో 21.

ఫైబర్ జాయింటర్:

తమ్ముడూ, చదివి చాలా సంతోషమేసింది.

కరెంటుకు: మోడెం నడిచేది 12 వోల్టుల మీద. పెద్ద ఇన్వర్టర్ అవసరం లేదు, రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, మూడు నాలుగు గంటలు నడుపుతుంది. కొనే ముందు నీ మోడెం అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి అవే ఉన్నది తీసుకో. అయితే మండలంలో ఉన్న యంత్రానికి కూడా బ్యాటరీ ఉండాలి, అది ఆపరేటర్‌ను అడుగు.

మైనస్ 29కి: పక్కింట్లో బాగుందంటే స్ప్లిటర్ దాకా తప్పు లేదు. ఆ ఇంట్లో వైరును మేకు చుట్టూనో కిటికీ మూలలోనో మడిచి కొట్టి ఉంటారు. ఫైబర్‌ను చేతి కడియం అంత గుండ్రంగా తిప్పొచ్చు, ఉంగరం అంత తిప్పితే వెలుగు బయటికి కారిపోతుంది. అది కాకపోతే కనెక్టర్ రంగు చూడు. ఆకుపచ్చ కనెక్టర్ మొన ఏటవాలుగా ఉంటుంది, నీలం దానిది తిన్నగా ఉంటుంది. ఆకుపచ్చదాన్ని నీలం దాంట్లో గుచ్చితే దూరినట్టే ఉంటుంది కానీ వెలుగు సగం పైన పోతుంది. రెండూ బాగుంటే మొన తుడిపించు. కనెక్టర్ మొనలోకి కంటితో మాత్రం చూడొద్దు, అందులో వచ్చే కిరణం కనిపించదు, కంటికి ప్రమాదం. పిల్లలకు కూడా చెప్పండి.

ఇంకోటి, కోతల సీజన్ వస్తోంది. రోడ్డు దాటే ప్రతి వైరూ గడ్డి లోడు ట్రాక్టర్‌కు తగలనంత ఎత్తులో ఉందా చూడు. మా వైపు నవంబరు, డిసెంబరుల్లో తెగే లైన్లలో సగం గడ్డి లోడ్ల వల్లే.

31లో 27 అన్నావు. మిగతా నాలుగూ ఏవి?

నల్లమల అంచు ఊరు:

మేకు సంగతి నిజమేనన్నా. తలుపు మూల మడిచి మేకు కొట్టారు, విప్పి వదులుగా చుట్టగానే మైనస్ 21.5కి వచ్చింది.

మిగతా నాలుగూ కాలనీ దాటాక చెరువు కట్ట కింద ఉన్న ఇళ్ళు. కరెంటు స్తంభాలు కాలనీతో ఆగిపోయాయి, వాళ్ళకు సర్వీసు వైరు కర్రల మీద పోయింది. ఆపరేటర్ కర్రల మీద లాగనంటున్నాడు. నర్సింగ్ చదివే అమ్మాయి ఇల్లు అక్కడే.

ఫైబర్ జాయింటర్:

కర్రల మీద వద్దు, అతను చెప్పింది సరే. కరెంటు సర్వీసు వైరుతో కలిపి కట్టడం ఇంకా ప్రమాదం. చివరి స్తంభం మీద పెట్టిన స్ప్లిటర్‌లో నాలుగు దారులు ఖాళీగా వదిలాడా చూడు, చివరి నుంచి మొదలుపెట్టాడు కాబట్టి వదిలే ఉంటాడు. కట్ట కింద నేల మెత్తగా ఉంటే అడుగున్నర లోతు గాడి తీసి, ప్లాస్టిక్ పైపులో వైరు దూర్చి పూడ్చేయొచ్చు, ఊళ్ళో నలుగురు కలిస్తే ఒక పూట పని. చెరువు కట్టను మాత్రం తవ్వొద్దు, కట్ట వాలు దిగాక తీయండి. ఆ స్తంభం నుంచి ఆ అమ్మాయి ఇంటికి అడుగులతో కొలిచి ఇక్కడ పెట్టు, ఎంత పైపు, ఎంత వైరు తెచ్చుకోవాలో రాసి ఇస్తాను.